కుడి చేతికే మడతలు

మా వదిన మెడలో కొలతల టేపు లేకుండా నేను చూసింది రెండేసార్లు. ఒకటి తన పెళ్ళిలో, రెండోది మోకాలి ఆపరేషన్ రోజున. ఆపరేషన్ రోజు కూడా నర్సు తీయమంటే తీసింది గానీ, స్పృహ రాగానే మొదట అడిగింది మా అన్నయ్య గురించి కాదు, టేపు గురించి. అన్నయ్య ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతూనే ఉంటాడు.

పాతికేళ్ళు వీధి మలుపులో ఒక చిన్న గదిలో బట్టలు కుట్టింది. మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేలోపే నడుమెంత, ఛాతీ ఎంత, ఏ భుజం అర అంగుళం కిందికి ఉంది, అన్నీ చూపుతోనే కొలిచేసేది. టేపు పెట్టడం మర్యాద కోసమే. తర్వాత జనం ఫోన్లలో బట్టలు కొనడం మొదలుపెట్టారు. మొదట కొత్తవి కుట్టించుకోవడం మానేశారు. కొన్నాళ్ళు ఫోన్లో కొన్నవి తెచ్చి బిగించమనో వదులు చేయమనో ఇచ్చేవారు. ఆ తర్వాత అదీ లేదు. సరిపోకపోతే వెనక్కి పంపేయడమే కదా, టైలరుతో పనేముంది? ఈలోగా మిషను తొక్కీ తొక్కీ మోకాలు అరిగింది. గదికి తాళం వేసి ఇంట్లో కూర్చుంది. మూడు నెలలు కూర్చుంది. ఆ మూడు నెలలూ ఇంట్లో ఎవరూ సరిగా ఊపిరి తీసుకోలేదనుకోండి. కిటికీ పరదాలు మూడుసార్లు విప్పి కుట్టింది.

ఆ గదికి తాళం పడటానికి కారణమైన కంపెనీలోనే చివరికి వదినకి పని దొరికింది. నేనే చేర్పించాను. నేను అప్పటికే అక్కడ కింది అంతస్తులో రిటర్న్స్ బల్ల దగ్గర ఉన్నాను. వెనక్కి వచ్చిన బట్టలు విప్పి, మరకలూ చిరుగులూ చూసి, ఇస్త్రీ చేసి మళ్ళీ అరల్లో పెట్టడం నా పని. వదినది నాలుగో అంతస్తు. కుర్చీ, కంప్యూటరు, చల్లటి గది. పేరుకి స్టైలిస్ట్.

ఆ పని ఎలా ఉంటుందంటే, కొనేవాళ్ళు ముందు ఫోన్లో ఒక ఫారం నింపుతారు. కొలతలు, ఇష్టమైన రంగులు, ఎక్కడికి వేసుకెళ్ళాలి, అన్నీ. కంపెనీ కంప్యూటర్లో ఉన్న ఏఐ ఆ ఫారం చదివి, పన్నెండు వేల బట్టల్లోంచి పదిహేను ఏరి చూపిస్తుంది. ఆ పదిహేనులో ఐదు మనిషి ఎంచాలి. ఎంచి, రెండు ముక్కలు ఆప్యాయంగా చీటీ రాసి పెట్టెలో పెట్టాలి. వాళ్ళు వేసి చూసుకుని నచ్చినవి ఉంచుకుంటారు, మిగతావి పంపేస్తారు. ఏఐ, మనిషి ఇద్దరూ కలిసి చేస్తేనే పెట్టె. ఒకరు కూరలు తరిగితే ఇంకొకరు పోపు పెట్టినట్టు. అందుకే మా అన్నయ్య దానికి ‘తోటికోడలు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు నాలుగో అంతస్తంతా పాకిపోయింది.

“ఏమే, ఇవాళ నీ తోటికోడలు ఏమంది?” అని అన్నయ్య అడగడం, “దానికేం, నోరా వాయా, నేనే అనాలి అన్నీ” అని వదిన అనడం, రోజూ ఉండేదే.

నిజానికి ఇద్దరికీ బాగానే పొసిగింది. దాని లెక్కలు వదినకి గౌరవం. వదిన ఎంచినవి చూసి అది కూడా నేర్చుకునేదట. ఆర్నెల్లు ఏ గొడవా లేదు. ఆ తర్వాత నిండు పెట్టెలు మొదలయ్యాయి.

మా దగ్గర నిండు పెట్టె అంటే పంపిన ఐదూ వెనక్కి రావడం. ఒక స్టైలిస్టుకి ఒకే నెలలో మూడు నిండు పెట్టెలు వస్తే సీటు పోయినట్టే. ఎవరూ తిట్టరు, అరవరు. మర్నాడు కార్డు పెడితే తలుపు తెరుచుకోదు, అంతే. అలా ఇద్దరు వెళ్ళిపోవడం వదిన కళ్ళారా చూసింది.

వదినకి ఆ నెలలో రెండొచ్చాయి. రెండూ ఒకే మనిషి దగ్గర్నుంచి. ఆమె ఎవరో మాకు తెలియదు. ఫారంలో నలభై ఆరేళ్ళనీ, చాలా రోజులు సెలవులో ఉండి గురువారం మళ్ళీ ఉద్యోగంలో చేరుతున్నాననీ రాసింది. మొదటి పెట్టె మొత్తం వెనక్కి పంపింది. ఎందుకు పంపారో చెప్పడానికి మా యాప్‌లో ఐదు గడులుంటాయి: బిగుతు, వదులు, రంగు, గుడ్డ, నచ్చలేదు. అన్నింటికీ ‘బిగుతు’ నొక్కింది. ఏఐ సైజు పెంచింది. రెండో పెట్టెలో వదిన ఆ పెద్ద సైజులే ఎంచి, తన పాత అలవాటుకొద్దీ చీటీలో ఇలా రాసింది: ‘ఇంటిపట్టున ఉంటే ఎవరైనా కాస్త ఒళ్ళు చేస్తారమ్మా, దానికేం దిగులు పడకండి.’

కుట్టు గదిలో అయితే ఆ మాటకి అవతలి మనిషి నవ్వేది. ఈమె నవ్వలేదు. రెండో పెట్టె కూడా మొత్తం వెనక్కి పంపేస్తూ, మళ్ళీ అన్నింటికీ ‘బిగుతు’ నొక్కి ఫోన్లో రాసింది: ‘నేను ఒళ్ళు చేయలేదు. నా ఒంటి సంగతి మీకనవసరం. నాకు ఎవరూ ఫోన్ చేయొద్దు. గురువారంలోపు ఒక్కటైనా వేసుకునేది పంపగలిగితే పంపండి, లేకపోతే నా పేరు తీసేయండి.’ ఆ మాట సోమవారం సాయంత్రం వచ్చింది. బట్టలింకా దారిలో ఉన్నాయి.

మంగళవారం పొద్దున నాలుగో అంతస్తు మేనేజరు వదినని పిలిచాడు. మేమాయన్ని శాతాల సారు అంటాం, ఏ మాటైనా శాతాల్లోనే చెప్తాడు కాబట్టి. వయసులో వదిన కంటే చిన్నవాడే, చెడ్డవాడు కాదు. కానీ ఆయన పైన ఇంకో ఆయన ఉన్నాడు, ఆయన పైన మరొకాయన.

“మేడం, మూడో పెట్టె ఇవాళ నాలుగింటి వ్యానులో వెళ్ళాలి. ఏఐ ఇచ్చిన పదిహేనులోంచే ఐదు తీయండి. చీటీ వద్దు. ఒక్క ముక్క కూడా రాయొద్దు.”

“అది మళ్ళీ సైజు పెంచింది సార్. బట్టలా ఇవి? డేరాలు.”

“ఆమే కదా బిగుతు అంటోంది?”

మధ్యాహ్నం క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుంది గానీ డబ్బా మూత తీయలేదు.

“మొదటి ఫారంలో ఆవిడిచ్చిన కొలతలు ఎంత పద్ధతిగా ఉన్నాయో తెలుసా? మణికట్టు కొలత కూడా ఇచ్చింది. అలాంటి మనిషికి తన సైజు తెలీదంటావా? ఎక్కడో ఏదో తేడా ఉంది, నాకే అందట్లేదు.”

“తినొదినా ముందు.”

“ఈ పెట్టె కూడా వెనక్కొస్తే నన్ను పంపించేస్తారు. మళ్ళీ ఆ పరదాలు విప్పుకుంటూ కూర్చోలేనే.”

నేనే తన డబ్బా మూత తీసి ముందుకు జరిపాను.

రెండున్నరకి నా బల్ల మీదికి వచ్చిన పెట్టెల్లో ఒకదాని మీద ఆమె నంబరుంది. రెండో పెట్టె. విప్పాను. మూడు టాపులు, రెండు ప్యాంట్లు. మూడేళ్ళుగా రోజుకి రెండొందల బట్టలు ఇస్త్రీ చేస్తున్నదాన్ని, గుడ్డని చూస్తే అది ఒంటి మీదికి ఎక్కిందో లేదో చెప్పగలను. ఎక్కితే మోచేతి లోపలి వైపు సన్నగా మడతలు పడతాయి. ఒక్క నిమిషం వేసుకున్నా పడతాయి.

మొదటి టాపు తీశాను. కుడి చేతికి మడతలున్నాయి. ఎడమ చెయ్యి ఫ్యాక్టరీలో ఎలా మడిచారో అలాగే ఉంది. గీత కూడా చెదరలేదు.

రెండోది తీశాను. కుడి చేతికే మడతలు.

మూడోదీ అంతే. మెడ దగ్గర పౌడరు అంటుకుంది, అంటే తల దూరింది. ఎడమ చంక దగ్గర రెండు కుట్లు తెగి ఉన్నాయి. ప్యాంట్ల నడుము హుక్కులైతే అసలు విప్పనే లేదు.

ఇస్త్రీ పెట్టె ఆపేశాను. ఆ మనిషి ఒళ్ళు చేయలేదు. ఆమె ఎడమ చెయ్యి పైకి లేవట్లేదు. తలా కుడి చెయ్యీ దూర్చి, ఎడమ చేతిని ఎలాగోలా లోపలికి తోద్దామని పెనుగులాడి, మధ్యలో ఇరుక్కుపోయి ఉంటుంది. ఇరుక్కుంటే ఏ గడి నొక్కుతారు? ‘బిగుతు’ తప్ప ఏముందక్కడ?

గోడ గడియారంలో మూడుకి పది తక్కువ. మా అంతస్తులోకి ఫోన్లు తేకూడదు. రిటర్న్స్ బట్ట గేటు దాటకూడదు. నేను మూడు టాపుల్నీ ఇస్త్రీ దుప్పట్లో చుట్టి చంకలో పెట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచాను. కాపలా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎక్కడికమ్మా ఆ మూట?”

“దుప్పటి కాలిపోయింది బాబాయ్. పైన చూపించి కొత్తది తెచ్చుకోవాలి.”

“ఏదీ, చూపించు?”

“ఇక్కడ పరిస్తే మళ్ళీ ఎవరు చుడతారు? నువ్వు చుడతావా?”

ఆయన నా మొహంలోకి చూశాడు. నమ్మలేదు. కానీ చెయ్యి తీసేశాడు. ఎందుకు తీశాడో ఇప్పటికీ చెప్పడు.

వదిన సీటు దగ్గరికి వెళ్ళేసరికి డేరాల్లాంటివి నాలుగు ఎంచేసి ఐదోదాని మీద వేలు పెట్టుకుని కూర్చుంది. రెక్క పట్టుకుని ఆడవాళ్ళ బాత్రూంలోకి లాక్కుపోయి దుప్పటి విప్పాను.

“మడతలు చూసి జాతకం చెప్తున్నావా నువ్వు?” అంది మొదట.

“మూడింటికీ కుడి చెయ్యే వదినా. చూడు.”

చూసింది. వేలితో ఎడమ చేతి గీత నిమిరింది. తెగిన కుట్ల దగ్గర ఆగింది. తర్వాత తన ఎడమ చేతిని ఒంటికి ఆనించి పెట్టుకుని, ఉన్న బట్టల మీదనే ఆ టాపు వేసుకోబోయింది. తల దూరింది. కుడి చెయ్యి దూరింది. ఎడమ చెయ్యి దగ్గర ఆగిపోయింది. గుడ్డ మొహానికి అడ్డం పడింది. లోపల్నుంచి మాట వినిపించింది.

“తీయవే. ఊపిరాడట్లేదు.”

నేను తీశాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి.

“ఇంట్లో తీసేవాళ్ళు ఉన్నారో లేరో పాపం. ఇలా ఇరుక్కున్న మనిషికి నేను ఒళ్ళు చేశావని చీటీ రాశాను.”

“ఏడవడానికి టైం లేదు. మూడూ పది.”

సీటు దగ్గరికి పరుగున వచ్చాం. వదిన మోకాలి మాటే మర్చిపోయింది. కంప్యూటర్లో సైజు తీసి మొదటి ఫారంలో ఆమె ఇచ్చిన కొలతలే మళ్ళీ పెట్టింది. కింద గడిలో రెండు వేళ్ళతో టైపు చేసింది: ముందంతా తెరుచుకునేవి, చంక పెద్దది, మెత్తటి గుడ్డ, టిచ్ బటన్లు, నడుముకి ఎలాస్టిక్, ఒక చేత్తో వేసుకునేలా. కన్ను మూసి తెరిచేలోపు ఏఐ పన్నెండు వేలల్లోంచి అరవై తెచ్చి వరసగా పెట్టింది. మనుషులం వెతికితే రెండు రోజులు పట్టేది. అందులో రెండు వానకోట్లు కూడా ఉన్నాయనుకోండి.

“నీకు చెప్పేవాళ్ళు లేక గానీ, తెలివి లేక కాదే తల్లీ,” అంది వదిన తెరతో.

ఐదు ఎంచింది. నొక్కింది. ఎర్ర గీత వచ్చింది. ఏఐ మొదట ఇచ్చిన పదిహేనులో ఇవి లేవు కాబట్టి మేనేజరు ఒప్పుకుంటే తప్ప కదలదు.

శాతాల సారు మూడు టాపుల్నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

“ఈమె పైకి ఎలా వచ్చింది? ఆ బట్టలు ఎలా వచ్చాయి?”

“తర్వాత తిట్టండి సార్. ముందు చేతులు చూడండి.”

“ఒక చెయ్యి దూర్చి, నచ్చక తీసేసి ఉండొచ్చు కదా? డెబ్భై శాతం అదే అయ్యుంటుంది.”

“నచ్చని బట్ట కోసం కుట్లు తెగేదాకా ఎవరైనా పెనుగులాడతారా సార్?”

“ఊహ మేడం ఇది. మీ పోయినసారి ఊహ ఏమైందో మర్చిపోయారా?”

వదిన మొహం ఎర్రబడింది. టాపు ఆయన ముందు పెట్టింది.

“ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఇది వేసుకోండి. మీకు రెండు సైజులు పెద్దదే. ఎక్కితే ఆ డేరాలే పంపుతాను. నోరెత్తను.”

అంతస్తంతా తలలు తిప్పి చూస్తోంది. ఆయన కాదనలేకపోయాడు. చెయ్యి జేబులో పెట్టాడు. తల దూర్చాడు, కుడి చెయ్యి దూర్చాడు. అక్కడ ఆగాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, కుర్చీకి గుద్దుకున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. లోపల్నుంచి ఆయన జేబులో చెయ్యి బయటికి రాబోయింది.

“తీయకూడదు సార్. ఆవిడ తీయలేదు,” అంది వదిన.

చెయ్యి ఆగింది. నవ్విన వాళ్ళు కూడా ఆగారు. ఓ పది క్షణాలు ఆ గుడ్డ లోపల ఆయన ఊపిరి వినపడింది.

బయటికొచ్చి జుట్టు సర్దుకున్నాడు. మూడూ నలభై.

“ఒప్పుకుంటున్నాను. కానీ మేడం, ఇది మీ పేరు మీదే వెళ్తుంది. ఏఐ మాట కాదని పంపాం కాబట్టి, తిరిగొస్తే నేను ఏమీ చేయలేను. నిజంగా ఏమీ చేయలేను.”

“నా పేరు మీదే పంపండి.”

“చీటీ మాత్రం…”

“రెండు ముక్కలు. ఒంటి మాట ఎత్తను.”

బట్టలు తీసుకుని కిందికి వచ్చాం. ప్యాకింగ్ బల్ల దగ్గర వదిన కలం పట్టుకుంది. చేతి గురించి రాస్తే, అది నిజమైతే ఆవిడ గుట్టు మేం తెలుసుకున్నట్టు. అబద్ధమైతే మళ్ళీ అవమానం. రెండు కాగితాలు నలిపి పారేసింది. మూడోదాని మీద ఇలా రాసింది: ‘పోయినసారి రాసిన మాటకి తప్పు నాదే, క్షమించండి. మీ కొలతలు మీరు మొదట చెప్పినవే సరైనవి. ఈసారి అన్నీ ముందు తెరుచుకునేవి పెట్టాను.’ అంతే.

మా దగ్గర చొక్కాలు పైనుంచి కిందిదాకా గుండీలు పెట్టి మడవాలి. అది రూలు. నేను అన్ని గుండీలూ విప్పి, ఎడమ చెయ్యి పైకి వచ్చేలా మడిచాను. ప్యాకింగ్ అమ్మాయి చూసీ చూడనట్టు పట్టీ అంటించేసింది. నాలుగింటికి రెండు నిమిషాల ముందు పెట్టె వ్యానెక్కింది.

వెనక్కి పంపడానికి వాళ్ళకి ఐదు రోజుల గడువుంటుంది. ఆ ఐదు రోజులూ వదిన పొద్దున్నే గేటు దగ్గర కార్డు పెట్టేముందు కళ్ళు మూసుకునేది. తలుపు తెరుచుకునేది. గురువారం రాత్రి భోజనాలకి కూర్చున్నాం. అన్నయ్య ఒక్కసారి “నీ తోటికోడలు…” అనబోయాడు. ఆవిడ చూసిన చూపుకి కంచంలోకి తల దించుకున్నాడు.

ఆరో రోజున, సోమవారం పొద్దున, నా బల్ల మీద పెట్టె ఉంది. అదే నంబరు.

పెట్టె ఎత్తి చూద్దామంటే భయం. నిండు పెట్టె ఎంత బరువుంటుందో నా చేతులకి తెలుసు. చివరికి ఎత్తాను. తేలిగ్గా ఉంది. మరీ తేలిగ్గా ఉంది. పెట్టె మీది పట్టీని, కత్తెర వెతికే ఓపిక లేక, గోళ్ళతో చించాను.

లోపల ఒకే ఒక చొక్కా. ఆవపిండి రంగుది. మిగతా నాలుగూ లేవు. చొక్కాకి రెండు చేతులకీ మడతలున్నాయి. కుడి చేతికీ, ఎడమ చేతికీ. దాని జేబులో మా చీటీ వెనక రాసిన నాలుగు వరుసలు:

‘ఆసుపత్రి నుంచి వచ్చాక నా అంతట నేను బట్టలు వేసుకున్నది ఇదే మొదటిసారి. గురువారం నీలం చొక్కాతో వెళ్ళాను. ఎవరి సాయమూ అడగలేదు. ఈ చొక్కా కూడా వేసుకోగలిగాను గానీ, రంగు నాకు నచ్చలేదు.’

ఈసారి మూటా లేదు, దుప్పటీ లేదు. చొక్కా అలాగే చేత్తో పట్టుకుని లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను. కాపలా ఆయన నా మొహం చూసి తనే మీట నొక్కాడు.

వదిన చీటీ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఎడమ చేతి మడతల మీద అరచెయ్యి ఆనించింది. ఏడుస్తుందేమోనని నేను పక్కన కూర్చోబోయాను. అంతలో చొక్కా ఎత్తి కిటికీ వెలుతురుకి పట్టుకుంది.

“అదేంటే, ఈ రంగుకేమైంది? చామనఛాయ అని ఫారంలో తనే కదా రాసింది! ఆ అరవైలోంచి ఏరికోరి తీశాను దీన్ని. ఎంత బాగుంటుంది ఆ మనిషికి!”

“వదినా! నీ సీటు మిగిలింది.”

“మిగిల్తే మిగిలింది. జేగురు రంగు పెట్టాల్సిందంటావా?”

అంటూనే కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. ఆ మనిషి ఫారం తెరిచింది. ఆవపిండి రంగు కొట్టేసి, కింద గడిలో రెండు వేళ్ళతో మళ్ళీ ఏదో టైపు చేయడం మొదలుపెట్టింది.